మక్కల పెట్రోలు

తెనాలి,
20 మార్చి 1969.

ఎలీశమ్మ వదినకి అమ్మాజీ నమస్కారాలు.

మేం క్షేమంగా చేరాం. క్షేమంగా అంటే ప్రాణాలతో అని అర్థం. రైలు ఆగాల్సిన చోట ఆగింది, ఆగక్కర్లేని చోట ఇంకా ఎక్కువసేపు ఆగింది. నువ్వు కట్టిచ్చిన పులిహోర లేకపోతే పిల్లలు కాజీపేటలోనే నన్ను పీక్కు తినేవాళ్లు. మా నాన్న స్టేషనుకొచ్చి, మమ్మల్ని చూడగానే "హమ్మయ్య, బయటపడ్డారు" అన్నారు. ఏదో జైల్లోంచి వచ్చినట్టు! పన్నెండేళ్లు కాపురం చేసిన ఊరు నాన్నా అది, అన్నాను. ఆయన వినిపించుకుంటేనా.

నిజం చెప్పాలంటే నాకూ భయమేసిందిలే. చిన్నదాని మంచం మీద రాయి పడ్డ రోజు నుంచి నాకు నిద్ర లేదు. విసిరినవాడికి అది ఎవరి కిటికీయో కూడా తెలిసుండదు. అయినా రాయి రాయే. ఈ ప్రత్యేక తెలంగాణ గొడవలు సర్దుమణగగానే వచ్చేస్తాను, ఎంత, పదిహేను రోజులు.

ఇక మా ఆయన సంగతి. నీ చేతుల్లో పెట్టి వచ్చాను. స్కూళ్లు మూసేశారు. పిల్లలకి చెప్పడానికి లేకపోతే ఆయనలోని సైన్సు ఊరుకోదు, ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. పోయిన సెలవుల్లో పేడతో దీపం వెలిగిస్తానని పెరట్లో గొయ్యి తవ్వించారు, గుర్తుందిగా. దీపం వెలగలేదు, మీ ఆయన గోతిలో పడ్డారు. ఆ జాగీర్దారు దగ్గర కొన్న ముసలి కారు మీద పడి ఉంటే పరవాలేదు, తుడుచుకోనీ, దానికి నాకంటే ఎక్కువ సేవ చేస్తారు. కానీ వంటింటివైపు రానీకు.

మరొక్క మాట. అటక మీద మా అత్తగారి ఇత్తడి గుండిగ ఉంది. ఆవిడ తద్దినం నాడు తప్ప దాన్ని పొయ్యి ఎక్కించం. మడిబట్టతోనే దించాలి. అది ఆయన కంటపడకుండా చూడు, నీకు పుణ్యముంటుంది.

నీ వదిన,
అమ్మాజీ

*

దిల్‌సుఖ్‌నగర్,
9 ఏప్రిల్ 1969.

ప్రియమైన అమ్మాజీ వదినకు, ప్రభువు నిన్నూ పిల్లలనూ చల్లగా చూడాలని కోరుతూ ఎలీశమ్మ రాయునది.

నీ ఉత్తరం మొన్ననే అందింది. బంద్ లేని రోజు కర్ఫ్యూ, కర్ఫ్యూ లేని రోజు బంద్. పోస్టుమాన్ మాత్రం ఏం చేస్తాడు. గుండిగ గురించి నువ్వు రాసిన మాటలు శ్రద్ధగా చదువుకున్నాను.

ఇక్కడ మా ఇద్దరు మగవాళ్ల కథ విను. నేను బడి పంతులమ్మను కనుక పద్ధతిగానే రాద్దామని కూచున్నాను గానీ, కోపం వస్తే మా ఊరి మాట వచ్చేస్తుంది, ఏమనుకోకు. బడి లేక మీ ఆయన సాంబమూర్తి అన్న ఖాళీ. మలక్‌పేట గంజ్‌లో లారీలు నిలిచిపోయి, లారీ నడిపే మా ఆయన యేసుదాసు ఖాళీ. ఇద్దరూ పొద్దున్నే మన రెండిళ్ల మధ్య అరుగు మీద చేరి లోకాన్ని బాగుచేస్తున్నారు. పెట్రోలు బంకులు మూసేశారు కదా, అన్న కారు కదలడం లేదు. ఆ బాధలోంచి పుట్టింది ఈ ఆలోచన.

యుద్ధం రోజుల్లో నిజాం రాజ్యంలో మోటార్లు స్పిరిట్ కలిపిన పెట్రోలుతో నడిచాయంట. స్పిరిట్ దేనితోనైనా తీయొచ్చంట. "మొక్కజొన్నల్లో, అదే మీ మక్కల్లో, పిండి ఉంటుంది, పిండి చక్కెరవుతుంది, చక్కెర ఆల్కహాలవుతుంది, ఆల్కహాలు మంటవుతుంది, మంటతో బండి నడుస్తుంది" అని అన్న వేళ్లు మడిచి చెప్పాడు. ఆయన చెప్తుంటే ఎంత సులువుగా ఉంటుందో నీకు తెలుసు. మా ఆయనేమో మా చర్చి మద్యపాన నిషేధ సంఘానికి కార్యదర్శి. ఆయనకు ముచ్చెమటలు పట్టాయి.

"అన్నా, గది సారా గాదా?" అన్నాడు.

"తాగితే సారా యేసుదాసూ, పోస్తే పెట్రోలు" అన్నాడు మీ ఆయన. మా ఆయన మనస్సాక్షి అక్కడికక్కడే శాంతించింది.

ఇగ మక్కలు ఎక్కడివి? మా అమ్మ నల్లగొండ నుంచి పంపిన బస్తాలు. ఎండాకాలమంతా మా పిల్లలు తినే గటక వాటి రవ్వతోనే కదా. నేను ససేమిరా అన్నాను. అప్పుడు అన్న నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, "చెల్లెమ్మా, రైళ్లు నమ్మలేం, బస్సులు లేవు. నీ మక్కలతో ఇంధనం చేసి, తెనాలి వెళ్లి మీ వదిననూ పిల్లల్నీ కార్లో తెచ్చేస్తాను" అన్నాడు. ఆ మాటతో నన్ను గెలిచాడు వదినా. నువ్వు లేక ఈ అరుగు నాకు బోసిగా ఉంది. ఒక్క బస్తా తీసుకోమన్నాను. ఒక్కటంటే ఒక్కటే.

అన్న ఆరోగ్యం బాగుంది. మా కూర తింటున్నాడు, కారం ఎక్కువని ఏడుస్తూ ఇంకొంచెం వేయించుకుంటున్నాడు.

నీ వదిన,
ఎలీశమ్మ

*

తెనాలి,
28 ఏప్రిల్ 1969.

ఎలీశమ్మ వదినకి,

గుండిగ గురించి శ్రద్ధగా చదువుకున్నాను అని రాశావు. చదువుకోవడానికి అదేమైనా పెద్దబాలశిక్షా? గుండిగ అటక మీదుందా లేదా, అది చెప్పు. స్పిరిట్ తీయాలంటే దేంట్లోనో కాచాలి కదా. దేంట్లో కాస్తున్నారు? మీ కుండల్లోనా, మీ బకెట్లోనా, దేంట్లో? తిరుగు టపాలో రాయి.

నీ బస్తా ఇచ్చావని చదివి నా తల తిరిగింది. మీ పిల్లల తిండి వదినా అది. మా ఆయన అడిగితే నువ్వు ఇవ్వడమేనా? ఆయన అడిగినవన్నీ ఇస్తే నేనీపాటికి చెవుల దిద్దులు కూడా రాగితీగల కింద ఇచ్చి ఉండేదాన్ని. ఇంకో గింజ ఇవ్వకు.

నన్ను తీసుకురావడానికే అన్నారా? సరే. ఆయన అలా అన్నారంటే అలాగే అనుకో.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మా నాన్న చక్రపాణిగారు రోజూ పేపరు పెద్దగా చదివి, హైదరాబాదు వార్త రాగానే కళ్లజోడు తీసి నావంక చూస్తారు. పిల్లలు ఇక్కడి స్కూల్లో కూర్చుంటున్నారు, ఊరికే, కాలక్షేపానికి. పెద్దవాడు మొన్న ఎవరినో "ఏందిరా" అన్నాడట, క్లాసంతా నవ్విందట. ఇంటికొచ్చి ఏడ్చాడు. అక్కడ "ఏంటి" అంటే నవ్వుతారు, ఇక్కడ "ఏంది" అంటే నవ్వుతారు. వాడేం మాట్లాడాలి చెప్పు?

మామిడికాయలు కోయించాను. ఆవకాయ పెట్టాక నీకో జాడీ పంపిస్తాను, ఎలా పంపాలో తెలీదు గానీ.

అమ్మాజీ

*

దిల్‌సుఖ్‌నగర్,
30 మే 1969.

అమ్మాజీ వదినకు,

ఈ ఉత్తరంలో మొదట నవ్వుకునే సంగతులు రాస్తాను. తర్వాత నీతో కొట్లాడతాను. కాబట్టి మొదటి సగం చదివి మురిసిపోకు.

మక్కలు నానబెట్టారు, మొలకెత్తించారు, దంచారు, ఉడికించారు, ఈస్టు కలిపి కుండల్లో పోసి మూతలు పెట్టారు. నా వంటింట్లో నాకే జాగా లేదు. కుండలు రోజంతా గుటగుటమంటున్నాయి. సరిగ్గా అదే వారం గురువారపు ప్రార్థన కూడిక మా ఇంట్లో. పాస్టరు అయ్యగారు వచ్చి ఏం ప్రసంగం ఎత్తుకోవాలె? మద్యపానం మీద! ఆయన గొంతు పెంచినప్పుడల్లా లోపల కుండ గుటగుటమంటుంది. దానికి అడ్డంగా మా ఆయన "ఆమేన్" అని అరుస్తాడు. అంత భక్తి ఆయనలో ఎన్నడూ చూడలేదని అయ్యగారు మెచ్చుకున్నారు. మన గల్లీ ఎస్తేరమ్మ అయితే ఎప్పుడూ మొదటి కీర్తన కాంగనే లేచిపోయే మనిషి, ఆ రోజు చివరిదాకా కూచుని, "మీ ఇంట్ల ఏందో మంచిగ అనిపిస్తుంది వదినా, మళ్ల వారం గూడ ఈడనే పెడదం" అంది.

కాచుడు మొదలైనంక కట్టెల కష్టం. సైకిల్ మీద తెచ్చిన మోపులు తెచ్చినట్టే కాలినయి. పాత తలుపు రెక్క పోయింది. కోళ్లగూడు పోయింది. నేను కూరగాయలు కోసే పీట కోసం వెతుక్కుంటే మా ఆయన పొయ్యివైపు చూసి తల దించుకున్నాడు. ఇంత చేస్తే బొట్టు బొట్టుగా కారి నిండినవి మూడు సీసాలు. అందులో సగం నీళ్లేనంట, మళ్లీ కాచాలంట! నేను ఉండబట్టలేక, "అన్నా, గిన్ని కట్టెలు కాల్చి గిన్ని మక్కలు పోస్తే గీ మూడు సీసాలా? గా కట్టెలే కారుకు పెట్టి రైలింజను లెక్క నడిపితే తెనాలి ఎప్పుడో పోకపోదుమా?" అన్నాను. ఆయన "చాలా ముఖ్యమైన ప్రశ్న అడిగావు చెల్లెమ్మా" అన్నాడు. జవాబు మాత్రం ఇంతవరకు చెప్పలేదు.

ఒక్క బస్తా రెండయింది, రెండు మూడయినయి. అయినా అన్న అడిగితే నేను ఇచ్చాను, నిన్ను తెస్తాడు కదా అని. పిల్లలు "గటక ఏదమ్మా" అంటే "కారు తాగింది" అని చెప్పాను. చిన్నోడు పోయి కారును కాలితో తన్ని వచ్చాడు.

వాసన మూసారాంబాగ్ వంతెన దాకా పోయిందంట. సాయంత్రమైతే ముక్కూ మొహం తెలియని మనుషులు గేటు కాడికి వచ్చి "ఈడ దొరుకుతదంట గద" అని గుసగుసలాడుతున్నారు. మా ఆయన గేటు కాడ కుర్చీ వేసుకుని కూచుని, వచ్చినోళ్లందరికీ మద్యపాన నిషేధ సంఘం కరపత్రాలు పంచుతున్నాడు. ఒకాయన కరపత్రం తిప్పి తిప్పి చూసి, "అయితే రేపు రమ్మంటరా?" అన్నాడు. ఆబ్కారీ పోలీసులు ఎప్పుడు వస్తారో అని గేటు చప్పుడైతే చాలు నేను కుండల మీద దుప్పటి కప్పుతున్నాను.

తర్వాత ఇంజనులో పోసి చూశారు. చల్లటి ఇంజను ఆ నీళ్లకు లేవదంట, ముందు కొంచెం పెట్రోలు తాగించాలంట. పెట్రోలు లేకనే కదా ఇదంతా! ఎవరినో బతిమాలి సోడా సీసాడు తెచ్చి పోస్తే లేచింది. లేచి దగ్గి, ట్యాంకులో జాగీర్దారు కాలం నాటి తుప్పునంతా కడిగి గొట్టంలోకి తెచ్చుకుని ఆగింది. అది బాగుచేస్తే రబ్బరు గొట్టం మెత్తబడి, ఉబ్బి, చిట్లింది. ఆ స్పిరిట్ రబ్బరును తింటదంట. అన్నకు ఇది ముందే తెలియదా అంటే, "పుస్తకంలో చివరి పేజీలో ఉంది" అన్నాడు. సగం కూడా చదవకుండానే నా మక్కలు దంచిండన్న మాట.

నవ్వుడు అయిపోయింది. ఇప్పుడు విను.

నిన్న అల్మాస్‌గూడ నుంచి మట్టయ్య అని ఒకాయన వచ్చి మీ ఇంటి గోడలు తట్టి తట్టి చూస్తున్నాడు. ఎవరయ్యా అంటే, "ఇల్లు అమ్ముతుండ్రు గద, తీసుకుందామని" అన్నాడు. నేను అన్నను నిలదీశాను. ఆయన నేల చూపులు చూసుకుంటూ చెప్పాడు. మీ నాన్నగారు అక్కడే ఉద్యోగం చూశారంట. ఇల్లు అమ్మేసి, సామాను కార్లో వేసుకుని వచ్చేయమన్నారంట. మీ పిల్లలకు అక్కడి స్కూల్లో పేర్లు వేయించారంట. "కాలక్షేపానికి" అని రాశావు కదూ నువ్వు?

కారు నిన్ను తెచ్చేందుకు కాదు, మీరు శాశ్వతంగా పోయేందుకు. నువ్వు తెలిసి కూడా "అలాగే అనుకో" అని రాశావు. నేను అలాగే అనుకున్న. అనుకుని, నా పిల్లల నోటికాడి తిండి తీసి ఇచ్చిన. నిన్ను తెచ్చేందుకు ఇచ్చిన గానీ పంపిచ్చేందుకు ఇయ్యలే. పక్కింటి ఆంధ్రోళ్లతోటి అంత పొత్తు ఏందని మా చుట్టాలు అడిగితే, "వాళ్లు ఆంధ్రోళ్లు గాదు, మావోళ్లు" అని చెప్పిన మొహం నాది. ఇగ ఏం చెప్పమంటవు?

జవాబు రాయకపోయినా మంచిదే.

ఎలీశమ్మ

*

తెనాలి,
16 జూన్ 1969.

వదినా,

తిట్టావు, మంచి పని చేశావు. ఇంకా తిట్టు. చదువుతుంటే నీ గొంతే వినపడింది, నాకు అదే చాలనిపించింది.

నీకు చెప్పలేకపోయాను. రాద్దామని కూర్చోవడం, మామిడికాయల గురించి రాసి లేవడం, అదీ నా ధైర్యం. ఇల్లు అమ్మమని నేను అనలేదు. వద్దని కూడా అనలేదు. నాన్న "నీ పిల్లదాని మంచం మీద రాయి పడ్డాక కూడా ఇంకా ఏం చూద్దామనే" అంటే లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. మా ఆయనేమో మామగారి మాట కాదంటే భయస్తుణ్ణి కాదని నిరూపించుకోవాలి, ఔనంటే భయస్తుణ్ణని ఒప్పుకోవాలి. ఏదీ చేతకాక మక్కలు దంచుతున్నారు.

నాకు ఇక్కడ ఉండాలని లేదు వదినా. ఇక్కడ నేను చక్రపాణిగారమ్మాయిని, అంతే. ఊళ్లో అందరూ మంచివాళ్లే, అందరూ జాలి పడుతున్నారు, ఆ జాలి మింగుడుపడటం లేదు. నాకు మన ఇల్లు కావాలి. పొద్దున్నే నువ్వు గోడ మీదుగా "ఏం కూర" అని అరవాలి. ఈ మాట నాన్నతో చెప్పే నోరు నాకు లేదు, ఆయనతో చెప్పే నోరూ లేదు. నీతో చెబుతున్నాను.

ఆయన్ని ఆపు. ఎలా ఆపుతావో నాకు తెలియదు. టైరులో గాలి తీస్తావో, తాళంచెవి బావిలో వేస్తావో నీ ఇష్టం. మట్టయ్యతో కాగితం కాకముందే ఆపు.

గుండిగ గురించి ఇక అడగను. నువ్వు రాయకపోవడమే జవాబు.

అమ్మాజీ

*

దిల్‌సుఖ్‌నగర్,
12 జులై 1969.

నా వదినకు,

ఆపమన్నావు కదా. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

నీ ఉత్తరం అందేసరికి అన్న ప్రయాణానికి రోజు పెట్టుకున్నాడు. రబ్బరు గొట్టం తీసేసి రాగి గొట్టం వేశారు. స్పిరిటులో సున్నం రాళ్లు వేసి నీళ్లు పీల్పించారు. డబ్బాలన్నీ వసారాలో వరుసగా పెట్టారు. ఆ రోజు పొద్దున నేను చెంబెడు నీళ్లు పట్టుకుని ఆ డబ్బాల దగ్గర నిలబడ్డాను. పోసేద్దామనే నిలబడ్డాను, దేవుడి ముందు అబద్ధమాడను. చెయ్యి రాలేదు. మూడు నెలల నుంచి చిన్నపిల్లాడి లెక్క దాని వెంట తిరిగిన మనిషి. ఆ నీళ్లు జామచెట్టుకు పోసి వచ్చాను. తర్వాత తెలిసిందేమంటే నేను పోయాల్సిన అవసరమే లేదు. ఆ స్పిరిట్ గాలిలో ఉన్న తడిని తానే తాగుతదంట. వానలు మొదలై పది రోజులు, డబ్బాల మూతలు వదులు. మీ ఆయన సున్నం వేసి తీసిన నీళ్లు అది నెమ్మదిగా మళ్లీ తెచ్చుకుంది.

సామాను ఎక్కించారు. మంచాలు పైన, ట్రంకులు వెనక. మా ఆయన స్టీరింగు పట్టాడు, అన్న పక్కన కూచున్నాడు. ఎల్బీనగర్ దాకా సాగనంపుతానని నేనూ వెనక ట్రంకుల సందులో ఇరుక్కున్నాను. సాగనంపుడు ఉత్తమాట. మనసు రాక ఎక్కిన, అంతే. సోడా సీసా పెట్రోలుతో ఇంజను లేచింది. గల్లీ దాటింది. పెద్దరోడ్డు ఎక్కింది. అన్న వెనక్కి తిరిగి "చూశావా చెల్లెమ్మా!" అన్నాడు. పెట్రోలు అయిపోయి మక్కలు అందుకున్నట్టున్నాయి, బండి రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

ఆగింది ఎక్కడ? జెండాలు పట్టుకుని నినాదాలు ఇస్తూ వస్తున్న గుంపు ముందు! "ఆంధ్రా గో బ్యాక్" అని అరుస్తున్నారు. నా ప్రాణం పైకే పోయింది. మా ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు, స్టీరింగు వదిలి. గుంపులో ముందున్న పిల్లగాడు వంగి లోపలికి చూసి జెండా వీపు వెనక దాచుకున్నాడు.

"సార్, మీరా? నమస్తే సార్. నేను భిక్షపతిని, మీ దగ్గర పదో తరగతి చదివిన."

అన్న ఆ స్థితిలో కూడా "ఆమ్లాలు, క్షారాలు రాని భిక్షపతివేనా?" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. ఆ పిల్లగాడు సిగ్గుపడి, "ఏడికి పోతుండ్రు సార్?" అని అడిగాడు.

"మీరు పొమ్మంటున్నారుగా. పోతున్నాను."

"మరి బండి నిలవడ్డదేంది?"

"ఇది మక్కలతో నడుస్తుంది బాబూ."

"ఏడి మక్కలు సార్?"

"నల్లగొండవి."

"మా మక్కలు తాగి గూడ నడుస్తలేదా!" అని ఒకడు వెనక నుంచి అన్నాడు. భిక్షపతి వాణ్ణి కసిరి, "సార్ పోతనంటుండు గదరా, పట్టుండ్రి, నెడదం" అన్నాడు.

నెట్టారు వదినా! జెండాలు మంచాల మీద పడేసి, ఇరవై మంది దాకా చేతులు వేసి, "గో" అన్నప్పుడు ఊపిరి పట్టుడు, "బ్యాక్" అన్నప్పుడు నెట్టుడు. నేను లోపల కూచుని ఏడవాల్నో నవ్వాల్నో తెలియక రెండూ చేశాను. కొత్తపేట దాకా బాగానే పోయింది. ఆ తర్వాత ఎత్తు. పైన వాన మొదలైంది. "గో" ఒక్కటే వినపడుతుంది, "బ్యాక్" అనే ఓపిక ఎవరికీ లేదు. ఎల్బీనగర్ కనబడుతుంది గానీ దగ్గరికి రాదు. నడుములు పట్టుకుని అందరూ రోడ్డు మీదే కూలబడ్డారు. భిక్షపతి రొప్పుకుంటూ కిటికీ దగ్గరకు వచ్చి అన్నాడు:

"సార్, జర రేపు పోతే నడవదా?"

ఇటు పోదామంటే ఎత్తు, అటు పోదామంటే దిగుడు. పిల్లలే బండిని తిప్పారు. ఇంక నెట్టే పని లేకపోయింది, దానంతట అదే దొర్లుకుంటూ వచ్చింది, మా ఆయన బ్రేకులు పట్టుకుని హల్లెలూయ అంటున్నాడు. మన గల్లీలోకి తెచ్చి, మంచాలు దించి, ట్రంకులు లోపల పెట్టి, తడిసిన బట్టలతో అరుగు నిండా కూచున్నారు. నేను చాయ్ పెట్టాను. వాళ్లకు అది చాలలేదు. మిగిలిన మక్కలు నాలుగు దోసిళ్లు ఉంటే వేయించి పెట్టాను. కాల్చి నడుపుదామంటే మూడు బస్తాలకు ఫర్లాంగు నడవలేదు, వేయించి పెడితే నాలుగు దోసిళ్లకు ఇరవై మంది లేచి నిలబడ్డారు.

చాయ్ తాగుతూ భిక్షపతి అన్నాడు, "సార్, మేం కొట్లాడేది మా నౌకరీల కోసం. మీరు పోతే మాకేం వస్తది? మీ కిటికీ మీద రాయి పడ్డదంట గద, గది తప్పు, మావోళ్లదే తప్పు." అన్న వాడి చేతిలో ఇంకో గుప్పెడు వేయించిన మక్కలు పోశాడు. వాళ్లు పోయాక ట్రంకు మీద కూచుని, "నాకు పోవాలని లేదు చెల్లెమ్మా. భయమేసింది, అంతే. ఆ మాట మామగారికి రాయలేక ఇంత దూరం వచ్చాను" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడు మట్టయ్య వస్తే "అమ్మేది లేదు" అని చెప్పి పంపాడు. నేను విన్నాను, పక్కనే నిలబడ్డాను, కాబట్టి ఇది నమ్ము.

నీతో కొట్లాడిన కోపం ఇంకా కొంచెం ఉంది. అయినా చెప్తున్నా, నువ్వు రా. మళ్లీ రాయి పడదని నేను పూచీ పడలేను. గొడవ ఇంకా అయిపోలేదు. పడితే పిల్లల్ని మా ఇంట్లో పడుకోబెడదాం, మాకు రోడ్డు వైపు కిటికీ లేదు.

గుండిగ గురించి: అవును, దాంట్లోనే. గొట్టం కోసం మెడ దగ్గర చిల్లు కూడా పెట్టారు. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే పెట్టేశారు. నన్ను చంపాలనుకుంటే వచ్చి చంపు.

ఎలీశమ్మ

*

తెనాలి,
30 జులై 1969.

ఎలీశమ్మ వదినకి,

నీ ఉత్తరం, ఆయన ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. పన్నెండేళ్ల కాపురంలో ఆయన నాకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. "బండి కదలదు. నేనూ కదలను. నీకిష్టమైతే నువ్వే రా." అంతే, కింద సంతకం. ఆ 'నీకిష్టమైతే' దగ్గర నేను ఏడ్చేశాను. ఇన్నాళ్లూ నా ఇష్టం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. గో అంటూ నెట్టిన చోట ఆయన బిగపట్టుకుని కూర్చున్నారు. రేపు పోతే నడవదా అన్న చోట ఇంక ఆగలేకపోయారు, కళ్లజోడు ఊడిపడేలా నవ్వారు. నాన్న నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. గుండిగ దగ్గర మాత్రం ముఖం మాడ్చుకుని, "మీ అత్తగారి తద్దినం ఇక ఆవిడ పైనుంచి చూడకపోతే బాగుండు" అన్నారు. నిన్ను చంపను. మా ఆయన్ని చంపుతాను, నువ్వు పట్టుకో.

తర్వాత చెప్పాను. నేను వెళ్తున్నాను నాన్నా అని. కోప్పడ్డారు, అమ్మని పిలిచి నా మీద ఫిర్యాదు చేశారు, పిల్లల్ని వదిలి పొమ్మన్నారు. పెద్దవాడు "నేనూ పోతా" అన్నాడు, పక్కా మీ మాటలో. ఆయన పేపరు మడిచి లేచి వెళ్లిపోయారు. పొద్దున లేచేసరికి రెండు బస్తాల బియ్యం గోతాలు కుట్టించి వాకిట్లో పెట్టించి ఉంచారు. "ఆ పంతులమ్మగారి పిల్లలకి. మన అల్లుడు వాళ్ల తిండి కాల్చాడు, ఊరుకుంటే బాగుండదు" అన్నారు. నువ్వు వద్దంటే నాకు కోపమొస్తుంది, ముందే చెబుతున్నాను.

ఆదివారం రైలుకి బయల్దేరుతున్నాం. ఆలస్యం సంగతి నీకు తెలుసు, సికింద్రాబాద్ ఎప్పుడు చేరితే అప్పుడే. ఆయన్ని రిక్షాలో రమ్మను.

నిన్న అన్నం దగ్గర నాన్న గొంతు తగ్గించి అడిగారు, "మళ్లీ గొడవలు ముదిరాయనుకో. పిల్లల్తో ఒక్కదానివి, అంత దూరం నుంచి ఎలా వస్తావే?"

"రాను నాన్నా" అన్నాను.

నీ వదిన,
అమ్మాజీ